ఇల్లు కాలకముందే

పాఠ్యభాగ పరిచయం

అగ్ని ప్రమాదం అనగానే కర్మాగారాలు, బాణసంచా గిడ్డంగులు, పెద్ద వ్యాపార సముదాయాలు మనసులో మెదులుతాయి. కాని వంట చేసే పొయ్యి, గోడలో సాగే విద్యుత్ తీగ, దేవుని ముందు వెలిగే దీపం ఉన్న ప్రతి ఇంటా అగ్ని నివసిస్తూనే ఉంటుంది. అది అదుపు తప్పకుండా తీసుకోవలసిన జాగ్రత్తలను, అదుపు తప్పినప్పుడు ఇంటివారు నెరవేర్చవలసిన కర్తవ్యాలను ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

భారతీయ సంస్కృతిలో అగ్నికి విశిష్ట స్థానం ఉంది. ఋగ్వేదంలోని మొట్టమొదటి సూక్తం అగ్నిని స్తుతించేదే. పంచభూతాలలో అగ్ని ఒకటి. వివాహానికి సాక్షి అగ్ని. ఆకలికి అన్నం వండేది అగ్ని. మానవునికి ఇంతటి మహోపకారం చేసే ఈ శక్తి, ఏమరుపాటు కలిగిన క్షణంలో అతని సర్వస్వాన్నీ బూడిద చేయగలదు. అందువల్లనే నిప్పుతో చెలగాటం తగదని పెద్దలు పదేపదే హెచ్చరించారు.

మహాభారతం ఆదిపర్వంలోని లక్క ఇంటి కథ తెలుగువారికి సుపరిచితమైనది. దుర్యోధనుని ఆజ్ఞ మేరకు పురోచనుడు వారణావతంలో లక్క, నెయ్యి వంటి సులభంగా అంటుకొనే పదార్థాలతో పాండవుల కోసం ఒక భవనాన్ని కట్టించాడు. ఆ కుట్రను విదురుడు ధర్మరాజుకు గూఢంగా తెలియజేశాడు. అంతటితో ఆగక, నేల తవ్వడంలో నేర్పరి అయిన ఒక ఖనకుణ్ణి పంపాడు. అతడు ఇంటి లోపలి నుండి బయటికి రహస్యంగా బిలాన్ని తవ్వాడు. పాండవులు వేట నెపంతో పగటివేళ అడవులలో సంచరిస్తూ దారులను గుర్తుపెట్టుకొన్నారు. ఒక రాత్రి భీముడు ఆ ఇంటికి నిప్పంటించగా, వారు తల్లితో సహా ఆ బిలం గుండా క్షేమంగా బయటపడ్డారు. ఆ రాత్రి అదే ఇంట్లో మత్తులో నిద్రించిన ఒక నిషాద స్త్రీ, ఆమె ఐదుగురు కుమారులు మాత్రం మంటలకు ఆహుతి అయ్యారు. వారికి అక్కడ ఒక బిలం ఉన్నదనే సంగతే తెలియదు.

కథలోని ధర్మాధర్మాల విచారణ వేరు. అయితే ఈ వృత్తాంతంలో గ్రహించవలసిన లౌకిక సత్యం ఒకటి ఉంది. ఇల్లు ఒక్కటే, నిప్పు ఒక్కటే. దారి తెలిసినవారు జీవించారు, తెలియనివారు జీవించలేదు. పాండవులను రక్షించినది వారి బాహుబలం కాదు. నిప్పు అంటుకొనక ముందే సిద్ధమైన దారి, ఆ దారి ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండడం. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వినట్లు అనే సామెత కూడా ఈ సత్యాన్నే మరో విధంగా బోధిస్తుంది.

అగ్నికి మూడు ఆధారాలు

నిప్పు పుట్టడానికి, నిలవడానికి మూడు అవసరం. మొదటిది కాలే పదార్థం. రెండవది దానిని అంటించగల వేడి. మూడవది ప్రాణవాయువు. గాలిలో దాదాపు 21 శాతం ఉండే ఆక్సిజనే ఆ ప్రాణవాయువు. ఈ మూడింటిలో ఏ ఒక్కదానిని తొలగించినా నిప్పు నిలవదు. అగ్నిని ఆర్పే పద్ధతులన్నీ ఈ ఒక్క సూత్రం మీదనే ఆధారపడి ఉన్నాయి.

కట్టెల మంట మీద నీరు పోస్తే వేడి తగ్గుతుంది. మండుతున్న మూకుడుపై మూత పెడితే ప్రాణవాయువు అందదు. గ్యాసు రెగ్యులేటరును కట్టివేస్తే కాలే పదార్థం రాకుండా పోతుంది. పూర్వం పల్లెలలో తాటాకు ఇల్లు అంటుకొన్నప్పుడు, గాలివాలులో ఉన్న పక్క ఇంటి కప్పును ముందుగానే లాగివేసేవారు. నిప్పుకు ఆహారం దొరకకుండా చేయడమే అందులోని కిటుకు. ఆ గ్రామీణులకు శాస్త్ర పరిభాష తెలియకపోయినా శాస్త్రం తెలుసు.

ఏ నిప్పుకు ఏ ఉపాయం తగినదో తెలియకపోతే, ఆర్పే ప్రయత్నమే ప్రాణాపాయాన్ని తెచ్చిపెట్టవచ్చు. అందుకు వంటగదిని మించిన ఉదాహరణ లేదు.

వంటగదిలో అప్రమత్తత

పిండివంటలు చేసేటప్పుడు మూకుడులోని నూనె మితిమీరి కాగితే, మొదట పొగలు కక్కి, తరువాత దానంతట అదే భగ్గున మండుతుంది. కంగారులో చాలామంది చేసే పని దానిపై చెంబెడు నీళ్ళు గుమ్మరించడం. నీరు నూనె కంటే బరువైనది కనుక అడుగుకు చేరుతుంది. అక్కడి తీవ్రమైన వేడికి క్షణంలో ఆవిరి అవుతుంది. నీరు ఆవిరిగా మారితే దాని పరిమాణం సుమారు 1,700 రెట్లు పెరుగుతుంది. ఆ ఆవిరి మండుతున్న నూనెను నలువైపులా ఎగజిమ్ముతుంది. మూకుడుకు పరిమితమైన మంట గది అంతటికీ ప్రాకుతుంది.

అటువంటి వేళ స్టవ్వు కట్టివేసి, వెడల్పయిన మూతను గాని పళ్ళేన్ని గాని మూకుడుపై పక్క నుండి జరిపి కప్పాలి. మూకుడును చేత పట్టుకొని బయటికి పరుగెత్తరాదు. మంట ఆరిందో లేదో చూడాలనే ఆతురతతో వెంటనే మూత తీయరాదు. వేడి నూనెకు గాలి తగిలితే మళ్ళీ అంటుకొంటుంది. పాత్ర పూర్తిగా చల్లారే వరకు వేచి ఉండడమే ఉత్తమం.

గ్యాసు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఇళ్ళలో వాడే 14.2 కిలోల సిలిండరులో ప్రొపేన్, బ్యుటేన్ వాయువులు పీడనం వల్ల ద్రవరూపంలో ఉంటాయి. ఒక లీటరు ద్రవం బయటికి వస్తే సుమారు 250 లీటర్ల వాయువు అవుతుంది. గాలిలో అది 2 శాతం కలిసినా, చిన్న నిప్పురవ్వకు అంటుకోగలదు. నిజానికి ఈ వాయువుకు వాసన లేదు. అది కారినప్పుడు పసిగట్టడానికి వీలుగా ఇథైల్ మెర్కాప్టాన్ అనే ఘాటైన వాసన గల పదార్థాన్ని అందులో కలుపుతారు. గ్యాసు గాలి కంటే బరువైనది. అందువల్ల అది పైకి పోక నేల మీద పరచుకొని, గది మూలలలోను, పల్లపు ప్రదేశాలలోను నిలిచి ఉంటుంది.

గ్యాసు వాసన వచ్చినప్పుడు అగ్గిపుల్ల గీయకూడదని అందరికీ తెలుసు. విద్యుత్ స్విచ్చిని వేయకూడదని, వేసి ఉన్నదానిని తీయకూడదని కొందరికే తెలుసు. వేసినా తీసినా స్విచ్చిలో కంటికి కనబడని నిప్పురవ్వ పుడుతుంది. ఎగ్జాస్టు ఫ్యాను వేసి వాసన పోగొట్టాలనుకోవడం మరింత ప్రమాదకరం. దీపాలను, అగరువత్తులను ముట్టించరాదు. రెగ్యులేటరును కట్టివేసి, వీలైతే దానిని తొలగించి సిలిండరుకు భద్రతా మూత బిగించాలి. తలుపులు, కిటికీలు బార్లా తెరవాలి. ఇంటివారందరూ బయటికి వచ్చిన తరువాతనే గ్యాసు లీకుల కోసం దేశవ్యాప్తంగా పనిచేసే 1906 సంఖ్యకు ఫోను చేయాలి.

నివారణోపాయాలు కష్టమైనవి కావు. సిలిండరును ఎల్లప్పుడూ నిలువుగానే ఉంచాలి. స్టవ్వు సిలిండరు కంటే ఎత్తయిన గట్టు మీద ఉండాలి. రబ్బరు గొట్టంపై పగుళ్ళు కనబడితే వెంటనే మార్చాలి. గ్యాసు కంపెనీలు ఇచ్చే సురక్షా గొట్టాన్ని సైతం ఐదేళ్ళకొకసారి మార్చవలసిందే. ప్రతి సిలిండరు పైభాగంలోను ఒక ఆంగ్ల అక్షరం, సంవత్సరాన్ని తెలిపే అంకెలు ఉంటాయి. 'ఎ' అంటే జనవరి నుండి మార్చి వరకు, 'బి' అంటే ఏప్రిల్ నుండి జూన్ వరకు, 'సి' అంటే జులై నుండి సెప్టెంబరు వరకు, 'డి' అంటే అక్టోబరు నుండి డిసెంబరు వరకు. సిలిండరుకు మళ్ళీ పరీక్ష జరపవలసిన గడువును ఆ గుర్తు తెలుపుతుంది. గడువు దాటినదానిని తీసుకోకుండా వెనుకకు పంపవచ్చు. రాత్రి నిద్రించే ముందు రెగ్యులేటరును కట్టివేయడం దినచర్యలో భాగం కావాలి.

గోడలోని నిప్పు

విద్యుత్తు కంటికి కనిపించదు. ప్రమాదం జరిగే వరకు అది చేసే పని కూడా కనిపించదు. తీగలో ప్రవహించే విద్యుత్తు రెట్టింపైతే అందులో పుట్టే వేడి నాలుగు రెట్లు అవుతుందని భౌతికశాస్త్రం చదివిన విద్యార్థులకు తెలిసినదే. ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఇస్త్రీ పెట్టె, నీళ్ళు కాచుకొనే హీటరు, టీవీ తగిలించిన ఇంట్లో ఈ సూత్రం పుస్తకంలో నుండి గోడలోకి వస్తుంది. 2,000 వాట్ల గీజరు 230 వోల్టుల వద్ద దాదాపు 8.7 ఆంపియర్ల విద్యుత్తును తీసుకొంటుంది. దానిని 6 ఆంపియర్ల సాకెట్టుకు తగిలిస్తే సాకెట్టు, దాని వెనుక తీగ వేడెక్కి, తీగపై తొడుగు కరిగి నిప్పు పుడుతుంది. అటువంటి పరికరాలకు 16 ఆంపియర్ల సాకెట్టు, తగినంత మందమైన తీగ ఉండాలి.

ఫ్యూజు మాటిమాటికీ పోతున్నదని దాని స్థానంలో లావుపాటి తీగ చుట్టడం కొన్ని ఇళ్ళలో కనిపించే అలవాటు. ఫ్యూజు తాను కరిగి ఇంటిని కాపాడుతుంది. దానిని కరగనీయకపోతే ఆ పని ఇంటి తీగ చేస్తుంది. మితిమీరిన విద్యుత్తును వెంటనే నిలిపివేసే ఎం.సి.బి., విద్యుత్తు దారి తప్పి లీకైనప్పుడు సరఫరాను ఆపే ఆర్.సి.సి.బి. అనే సాధనాలు ప్రతి ఇంటికీ అవసరం. కాలిన ప్లాస్టిక్కు వాసన, గోరువెచ్చగా తగిలే స్విచ్చిబోర్డు, మిణుకుమిణుకుమనే దీపం ముందస్తు హెచ్చరికలని గుర్తించాలి.

బ్యాటరీతో నడిచే ద్విచక్ర వాహనాలు నేడు ఎన్నో ఇళ్ళకు చేరాయి. లిథియం బ్యాటరీ దెబ్బతిని అంటుకొంటే తనలో వేడిని తానే పెంచుకొంటూ, విషవాయువులను వెలువరిస్తూ తీవ్రంగా మండుతుంది. కనుక వాటిని అందరూ నిద్రించే వేళ ఛార్జింగుకు పెట్టడం, అందులోను మెట్ల క్రింద, వీధి గుమ్మంలో పెట్టడం క్షేమకరం కాదు. అక్కడ నిప్పు పుడితే అందరూ బయటపడవలసిన దారే మండుతుంది.

విద్యుత్తు వల్ల పుట్టిన మంటపై నీరు చల్లరాదు. ముందుగా మెయిను స్విచ్చిని ఆపివేయాలి. ఆ తరువాత పొడి ఇసుకతో గాని, తగిన అగ్నిమాపక సాధనంతో గాని ఆర్పాలి.

మంట కంటే ముందు పొగ

అగ్ని ప్రమాదంలో మరణించినవారందరూ కాలి మరణించారని సామాన్యులు భావిస్తారు. కాని అనేక ప్రమాదాలలో మంట చేరకముందే పొగ ప్రాణాలు తీస్తుంది. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌తో కంటే 200 రెట్లకు పైగా బలంగా దానితో కలుస్తుంది. ఫలితంగా శరీరానికి ప్రాణవాయువు అందదు. నిద్రలో ఉన్నవారు మేలుకోకుండానే స్పృహ కోల్పోతారు.

1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాలులో జరిగిన ప్రమాదంలో 59 మంది మరణించారు. నిప్పు పుట్టినది క్రింది అంతస్తులోని ట్రాన్స్‌ఫార్మరు వద్ద. మరణించినవారు బాల్కనీలో ఊపిరాడక చిక్కుకొన్నవారు. 2022 మార్చి 23న సికింద్రాబాదు సమీపాన బోయిగూడలో ఒక తుక్కు గోదాము అంటుకొని, పై అంతస్తులో నిద్రిస్తున్న 11 మంది వలస కార్మికులు మరణించారు. వారు క్రిందికి దిగడానికి ఇరుకైన మెట్ల దారి ఒక్కటే ఉంది. 2025 మే 18న హైదరాబాదు పాతబస్తీలో చార్మినారుకు సమీపాన గుల్జార్ హౌజ్ వద్ద, క్రింద దుకాణాలు, పైన నివాసం ఉన్న భవనంలో జరిగిన ప్రమాదం 17 మందిని బలిగొన్నది. వారిలో 8 మంది చిన్నారులు. ఆ భవనంలోకి ప్రవేశించడానికీ బయటపడడానికీ ఒకే ఇరుకు దారి ఉంది.

ఈ మూడు చోట్లా కనిపించేది ఒకే క్రమం. నిప్పు క్రింద పుట్టింది. పొగ పైకి వెళ్ళింది. మెట్ల దారి పొగగొట్టంగా మారింది. మరో దారి లేకపోవడమో, ఉన్నది మూసుకుపోవడమో జరిగింది. ఒక గదిలో చెలరేగిన మంట ఐదు నిమిషాలు గడవకముందే గది అంతటినీ చుట్టుముట్టగలదు. అగ్నిమాపక దళం ఎంత వేగంగా బయలుదేరినా, ఇరుకు సందులను దాటి రావడానికి కొంత సమయం పట్టక తప్పదు. కనుక తొలి నిమిషాల బాధ్యత ఇంట్లో ఉన్నవారిదే.

దారి అందరికీ తెలియాలి

ఇంటి నిర్వహణకు సంబంధించిన జ్ఞానం సాధారణంగా ఒకరి వద్ద ఉండదు. రెగ్యులేటరు ఎలా తీయాలో తల్లికి తెలుసు. మెయిను స్విచ్చి ఎక్కడ ఉన్నదో తండ్రికి తెలుసు. వెనుక తలుపు తాళంచెవి తాతగారి తలగడ క్రింద ఉంటుంది. అందరూ ఉన్నప్పుడు ఈ ఏర్పాటు చక్కగా సాగుతుంది. ప్రమాదం మాత్రం అందరూ ఉన్న సమయం చూసుకొని రాదు. తల్లి గుడికి వెళ్ళినప్పుడు, తండ్రి ఊరిలో లేనప్పుడు, ఇంట్లో నాయనమ్మ, చిన్నపిల్లలు మాత్రమే ఉన్నప్పుడు కూడా రావచ్చు. లక్క ఇంట్లోని బిలం వలె, రక్షణ మార్గం ఇంట్లో ఉన్నంత మాత్రాన చాలదు. అది ఇంట్లోని ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి.

అందుకు ఒక సాయంకాలం కుటుంబ సభ్యులందరూ కూర్చొని మాట్లాడుకోవడం చాలు. మొదట ఇంటి పటాన్ని ఒక కాగితం మీద గీయాలి. ప్రతి గది నుండి బయటపడడానికి ఉన్న దారులను గుర్తించాలి. వీలైనంత వరకు రెండు దారులు ఉండేటట్లు చూడాలి. దొంగల భయంతో కిటికీలకు ఇనుప చువ్వలు, వరండాకు జాలీ తలుపు బిగించి తాళం వేసే ఇళ్ళలో, ఆ తాళమే లోపలివారిని బంధిస్తుంది. అందువల్ల తాళంచెవిని తలుపుకు దగ్గరగా, బయటివారి చేతికి అందని ఒక మేకుకు తగిలించాలి. చీకటిలో తడిమినా అది దొరకాలి. మెట్ల మీద పాత సామాను, సైకిళ్ళు, అట్టపెట్టెలు పేర్చరాదు.

రెండవది, ఎవరు ఎవరికి సహాయపడాలో నిర్ణయించుకోవాలి. మంచం దిగలేని ముసలివారిని ఎవరు తీసుకురావాలి? ఉయ్యాలలోని పసిపాపను ఎవరు ఎత్తుకోవాలి? ఈ ప్రశ్నలకు సమాధానాలు ముందే ఉండాలి. భయపడిన పసివారు మంచాల క్రింద, బీరువాల చాటున దాగుతారు. దాగరాదని, పిలిస్తే పలకాలని వారికి నేర్పాలి. మూడవది, బయటపడిన తరువాత అందరూ కలుసుకొనే చోటును నిర్ణయించాలి. అది వీధి చివరి వేపచెట్టు కావచ్చు, ఎదుటి ఇంటి అరుగు కావచ్చు. అక్కడ తలలు లెక్కించుకొంటే లోపల ఎవరైనా మిగిలిపోయిందీ లేనిదీ తెలుస్తుంది.

నాలుగవది అభ్యాసం. కళ్ళు మూసుకొని పడకగది నుండి వీధి గుమ్మం వరకు నడవడం, మెయిను స్విచ్చిని ఆపడం, రెగ్యులేటరు తీసి మూత బిగించడం ఇంట్లో ప్రతి ఒక్కరూ ఒకసారైనా చేసి చూడాలి. 101 అగ్నిమాపక దళానిది, 108 అంబులెన్సుది, 112 అన్ని రకాల అత్యవసర సహాయానికి ఉద్దేశించినది. ఈ సంఖ్యలతో పాటు ఇంటి చిరునామాను, దగ్గరలోని గుర్తును తడబడకుండా చెప్పడం పిల్లలకు నేర్పాలి.

ప్రమాద వేళ

నిప్పును చూడగానే కేకలు వేసి అందరినీ హెచ్చరించాలి. మంట చెత్తబుట్టకు మించని పరిమాణంలో ఉండి, వెనుక బయటపడే దారి ఉన్నప్పుడే ఆర్పే ప్రయత్నం చేయాలి. ఇళ్ళలో సాధారణంగా వాడే పొడి రకపు అగ్నిమాపక సాధనాన్ని ఉపయోగించే పద్ధతి సులభం. పిన్నును లాగాలి, గొట్టాన్ని మంట మొదలుకు గురిపెట్టాలి, పిడిని నొక్కాలి, ఈ పక్క నుండి ఆ పక్కకు ఊపుతూ చల్లాలి. పైకి లేచే జ్వాలపై చల్లితే ప్రయోజనం ఉండదు. సాధనంపై ఉన్న సూచిక పచ్చని భాగంలో ఉన్నదో లేదో అప్పుడప్పుడు చూస్తుండాలి.

మంట పెద్దదైతే ఆర్పే ఆలోచన మాని బయటపడాలి. పొగ పైకప్పు నుండి క్రిందికి దిగుతుంది కనుక, నేలకు దగ్గరగా మంచి గాలి కొంత మిగిలి ఉంటుంది. మోకాళ్ళ మీద ప్రాకుతూ, ముక్కుకు బట్ట అడ్డుపెట్టుకొని సాగాలి. మూసి ఉన్న తలుపును తెరిచే ముందు అరచేతి వెనుక భాగంతో తాకి చూడాలి. వేడిగా ఉంటే అవతల మంట ఉన్నట్లే. రెండవ దారిని వెతకాలి. దాటి వచ్చిన తలుపులను మూసివేస్తే మంటకు గాలి తగ్గి, అది వ్యాపించడం ఆలస్యమవుతుంది. లిఫ్టును వాడరాదు. ఏ దారీ లేకపోతే తలుపు సందులలో తడిబట్టలు కూరి, కిటికీ వద్ద నిలిచి సహాయం కోసం సైగ చేయాలి. ఒకసారి బయటపడిన తరువాత నగల కోసమో, ధ్రువపత్రాల కోసమో మళ్ళీ లోనికి వెళ్ళరాదు. అవి మళ్ళీ సంపాదించుకోగలిగినవి.

ఒంటిమీది బట్టలు అంటుకొంటే పరుగెత్తరాదు. పరుగెత్తితే గాలి తగిలి మంట పెరుగుతుంది. ఉన్నచోటనే ఆగి, చేతులతో ముఖాన్ని కప్పుకొని, నేలపై పడుకొని అటూ ఇటూ దొర్లాలి. పక్కనున్నవారు మందపాటి నూలు దుప్పటిని గాని కంబళిని గాని కప్పాలి. వంట చేసేటప్పుడు చీర కొంగును, చున్నీని బిగించుకోవడం, నైలాను దుస్తులకు బదులు నూలు దుస్తులు ధరించడం చిన్న విషయాలే అయినా ప్రాణరక్షకాలు.

కాలిన గాయంపై సిరా, టూత్‌పేస్టు, పసుపు, వెన్న పూయడం తరతరాలుగా వస్తున్న పొరపాటు. అవి గాయంలో వేడిని నిలిపి ఉంచుతాయి, సూక్ష్మజీవులకు అవకాశమిస్తాయి. గాయాన్ని కుళాయి క్రింద చల్లని నీటి ధారలో 20 నిమిషాల పాటు ఉంచాలి. మంచుగడ్డ పెట్టరాదు. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీయాలి. చర్మానికి అంటుకొన్న బట్టను లాగరాదు, బొబ్బలను చిదమరాదు. శుభ్రమైన బట్ట కప్పి వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.

సంసిద్ధత అన్ని ఆపదలకూ ఒక్కటే

అగ్నికి సిద్ధపడిన ఇల్లు ఇతర విపత్తులకు సగం సిద్ధపడినట్లే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన వేలాది ప్రాణాలను హరించింది. ఆ అనుభవం తరువాత కోస్తా తీరంలో తుఫాను రక్షణ భవనాల నిర్మాణానికి ప్రాధాన్యం లభించింది. అంతకు ముందు లేని ఒక దారిని తీరప్రాంత ప్రజలకు అవి ఏర్పరచాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు ముందుగానే వేలాది ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించారు.

ప్రతి ఇంటా ఒక సంచి సిద్ధంగా ఉంటే తుఫానుకైనా, వరదకైనా, అగ్నికైనా ఉపకరిస్తుంది. అందులో చేతిదీపం, రోజూ వాడే మందులు, ముఖ్యమైన పత్రాల నకళ్ళు, కొద్దిపాటి నగదు, ఒక ఈల, కాగితం మీద రాసిన బంధుమిత్రుల ఫోను సంఖ్యలు ఉండాలి. అది దారికి దగ్గరలో ఉండాలి. అది చేతికి అందితేనే తీసుకోవాలి. దాని కోసం వెనుదిరగకూడదు.

ముగింపు

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే నౌక అంటుకొని విస్ఫోటనం చెందినప్పుడు, మంటలను ఆర్పే ప్రయత్నంలో 60 మందికి పైగా అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు అర్పించారు. వారి స్మృత్యర్థం ఏటా ఏప్రిల్ 14 నుండి 20 వరకు దేశమంతటా అగ్నిమాపక సేవా వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారం రోజులలో ఒక సాయంకాలాన్ని ప్రతి కుటుంబమూ తన ఇంటి కోసం కేటాయించుకోవడం ఆ వీరులకు అర్పించే సరైన నివాళి.

కళాశాల విద్యార్థులు ఈ విషయంలో ముందు నిలువగలవారు. చిన్నపిల్లల కంటే వారికి శక్తి ఎక్కువ. వృద్ధుల కంటే వేగం ఎక్కువ. శాస్త్రం చదివినవారు కనుక కారణాలు విడమరచి చెప్పగలరు. నాయనమ్మకు రెగ్యులేటరు తీయడం, తమ్మునికి 101కి ఫోను చేయడం నేర్పిన విద్యార్థి, తాను ఇంట్లో లేని రోజున కూడా ఆ ఇంటిని కాపాడుతున్నట్లే. విదురుడు చేసిన పని అదే. లక్క ఇల్లు కాలిన రాత్రి అతడు వారణావతంలో లేడు. అతడు ముందుగా తెలిపిన మాట, తవ్వించిన దారి మాత్రం అక్కడ ఉన్నాయి.

కఠిన పదాలు – అర్థాలు

ఖనకుడు = నేలను తవ్వేవాడు
బిలం = సొరంగం
నెపం = మిష, సాకు
లౌకిక = లోకానికి సంబంధించిన
గాలివాలు = గాలి వీచే దిక్కు
ఏమరుపాటు = అజాగ్రత్త
ఆతురత = తొందరపాటు
సంసిద్ధత = ముందుగా సిద్ధమై ఉండడం
విస్ఫోటనం = ప్రేలుడు
నివాళి = గౌరవ సమర్పణ

వ్యాకరణాంశాలు

అ) సంధులు
ప్రాణాపాయం = ప్రాణ + అపాయం – సవర్ణదీర్ఘ సంధి
మహోపకారం = మహా + ఉపకారం – గుణసంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి

ఆ) సమాసాలు
పంచభూతాలు – ఐదు సంఖ్య గల భూతాలు – ద్విగు సమాసం
ధర్మాధర్మాలు – ధర్మమును, అధర్మమును – ద్వంద్వ సమాసం
బాహుబలం – బాహువుల యొక్క బలం – షష్ఠీ తత్పురుష సమాసం

ప్రశ్నలు

అ) ఈ క్రింది వానికి 20 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఇంటిని అగ్ని ప్రమాదం నుండి కాపాడుకోవడానికి కుటుంబ సభ్యులు ముందుగా చేసుకోవలసిన ఏర్పాట్లను వివరించండి.
2. లక్క ఇంటి కథ ద్వారా ఈ పాఠం బోధించిన సత్యాన్ని సమర్థిస్తూ రాయండి.

ఆ) ఈ క్రింది వానికి 5 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మండుతున్న నూనెపై నీరు పోయరాదు. ఎందుకు?
2. గ్యాసు వాసన వచ్చినప్పుడు స్విచ్చిని తాకరాదనడానికి కారణమేమి?
3. పొగ మంట కంటే ప్రమాదకరమని ఎలా చెప్పవచ్చు?

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. నిప్పు నిలవడానికి అవసరమైన మూడు ఏవి?
2. గ్యాసు లీకైనప్పుడు ఏ సంఖ్యకు ఫోను చేయాలి?
3. అగ్నిమాపక సేవా వారోత్సవాలు ఎప్పుడు జరుగుతాయి?

ఈ) సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి.
1. ఇల్లు ఒక్కటే, నిప్పు ఒక్కటే.
2. ఫ్యూజు తాను కరిగి ఇంటిని కాపాడుతుంది.

ఉ) కృత్యం
మీ ఇంటి పటాన్ని గీసి, ప్రతి గది నుండి బయటపడే దారులను, మెయిను స్విచ్చి, గ్యాసు సిలిండరు, తాళంచెవులు ఉండే చోట్లను, అందరూ కలుసుకొనే స్థలాన్ని గుర్తించండి. ఆ పటాన్ని ఇంట్లోని వారందరికీ చూపి, వారికి తెలియని అంశాలేవో తరగతిలో చర్చించండి.